మూలాన్ని మించిన పాట

ఒకరు కట్టి పాడిన పాటను తరువాత మరొకరు అందుకొని పాడితే, ఆ రెండో పాటే జనం నోట నిలిచి మొదటిది మరుగున పడడం సంగీతంలో కొత్తేమీ కాదు. రికార్డుల వ్యాపారం ఇలాంటి పాటకు కవర్ వెర్షన్ అని పేరు పెట్టింది. పాత పాటను మళ్ళీ పాడేవాళ్ళు వేలమంది ఉంటారు. మూలాన్ని మించి పాడినవాళ్ళు మాత్రం అరుదు. మించడమంటే ఎవరి గొంతు గొప్పది, ఎవరి వెనక వాద్యాలు ఎక్కువ అన్న లెక్క కాదు. చేలోనో వంటింట్లోనో తనలో తాను కూనిరాగం తీసుకునే మనిషి నోటికి ఏ బాణీ వస్తుందో అదే గెలిచినట్టు. ఈ కొలతతో చూస్తే తెలుగులో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ ఖమ్మం జిల్లాది. రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో కట్టిన కీర్తనలు ఈవేళ మనలో చాలామందికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాటలుగానే తెలుసు.

భద్రాద్రి దారి

ఆ పాటలు మోగే దారిలో ఉన్న తల్లాడ ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి పోయే రోడ్డు మీద ఉంటుంది. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే దారి ఇక్కడే చీలుతుంది. ఆ దారిన పోతే మిరప, పత్తి చేలు పలచబడి అడవి మొదలవుతుంది. కొత్తగూడెం దాటితే పాల్వంచ, ఆపైన గోదావరి వంతెన, భద్రాచలం. గోపన్న పుట్టిన ఊరు ఖమ్మానికి నైరుతి వైపున ఉంది. ఆయన రాముడి గుడి కట్టించిన భద్రాచలం ఈశాన్యాన, అడవికి అవతల ఉంది. తల్లాడ ఈ రెండింటి నడిమి దారిలోది.

శ్రీరామనవమికి ఈ దారి పొడవునా ఊరూరా చలువ పందిళ్ళు వేస్తారు. పానకం, వడపప్పు, సీతారాముల కల్యాణం, వాటితోపాటు తెల్లారేసరికే మైకు సెట్టు. ఆ మైకులో మోగే రామదాసు కీర్తనల్లో ఎక్కువ భాగం బాలమురళి పాడినవి. 2006 తరువాత వాటికి ‘శ్రీరామదాసు’ సినిమా పాటలు తోడయ్యాయి. చిడతలు, తాళాలు పట్టుకొని పాడే పాత భజన బృందాలు కొన్ని ఊళ్ళలో ఇంకా ఉన్నాయి గాని, వాళ్ళ పిల్లలు ఎక్కువగా రికార్డు బాణీలోనే పాడుతున్నారు. గోపన్న నోట ఆ పాట ఎలా ఉండేదో చెప్పగల ఆధారం ఏదీ మిగల్లేదు.

గోపన్న పాడింది

గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలం వాడు. తానీషా కొలువులో మంత్రిత్వం నెరపిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఫలితం గోల్కొండ కోటలో చెర. ఆ చెర పన్నెండేళ్ళని సంప్రదాయం చెబుతుంది. తానీషా 1672లో గద్దెనెక్కాడు, 1687లో కోట ఔరంగజేబు వశమైంది. పన్నెండేళ్ళూ ఈ పదిహేనేళ్ళలోనే ఇమడాలి కాబట్టి కథలో కొంత పెంపు ఉండవచ్చు. చెర ఉందన్న సంగతి మాత్రం పాటలే చెబుతాయి.

ఆ పాటల్లో భక్తి ఎంత ఉందో దబాయింపు కూడా అంతే ఉంది. ‘ఇక్ష్వాకు కులతిలక’లో ఆయన రాముడికి నగల పద్దు అప్పజెబుతాడు: లక్ష్మణుడి పతకానికి ఇంత, సీతమ్మ పతకానికి ఇంత, భరత శత్రుఘ్నులకు చేయించిన వాటికి ఇంత అని. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీసేదాకా పోతాడు. మళ్ళీ ఆ పాటలోనే దెబ్బలకు తాళలేక తిట్టాను, కోపించకు అని బతిమాలుకుంటాడు. ‘నను బ్రోవమని చెప్పవే’లో రాముడితో మాట దొరకక సీతమ్మను సిఫారసు అడుగుతాడు. ఉద్యోగం చేసినవాడి లెక్కల భాష, చెరసాలలో ఉన్నవాడి తెగింపు, ఊరి మనిషి వాడుక మాట అన్నీ కలిసిన ధోరణి ఇది. తెలుగు పదసాహిత్యంలో దేవుడితో ఇంత చనువుగా జగడమాడినవాళ్ళు తక్కువ.

రూపం మాత్రం సాదా. పొట్టి పల్లవి, ఒకే వరుసలో సాగే చరణాలు, ఒకరు అంటే పదిమంది అందుకోగల నడక. నాదనామక్రియ, సౌరాష్ట్రం, ఆనందభైరవి, వరాళి, యదుకుల కాంభోజి లాంటి రాగాల పేర్లు అచ్చు పుస్తకాల్లో కనబడతాయి. స్వరం రాసిపెట్టుకునే అలవాటు ఆనాడు లేదు. పాట నోటి నుంచి నోటికి పోయింది.

పోయిన దారులు ముఖ్యంగా రెండు. ఒకటి భద్రాచలం దారి. గుంటూరు వైపు నుంచి వచ్చిన తూము నరసింహదాసు (1790–1833), ఆయనతోపాటు వరద రామదాసు, భద్రాచలంలో స్థిరపడి స్వామి సేవలకు కొత్త ఊపు తెచ్చారు. ఈ నరసింహదాసు తిరువయ్యూరు వెళ్ళి త్యాగరాజును కూడా కలిశాడు. రెండోది తమిళనాటి భజన సంప్రదాయం. అక్కడ భజన మొదట్లో పాడే తోడయమంగళంలో ‘జయ జానకీ రమణ’ రామదాసుదే. త్యాగరాజుకు ఈ పాటలూ ఈ కథా బాగా తెలుసు. దేవగాంధారి రాగంలోని ‘క్షీరసాగర శయన’లో రామదాసు చెర వీడిన సంగతి తలచుకున్నాడు. ఇన్ని నోళ్ళు మారాక ఒక్కో కీర్తనకు రెండు మూడు వరుసలు ఏర్పడ్డాయి. గ్రామఫోను వచ్చేనాటికి రామదాసు కీర్తన అంటే ఊరి భజన, హరికథ, లేదా కచేరీ చివర పాడే తేలికపాటి పాట. విద్వాంసులు దాన్ని చిన్నచూపు చూడలేదు గాని, పెద్ద పీట కూడా వేయలేదు.

బాలమురళి చేసిన పని

బాలమురళి 1930 జులై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టాడు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర, అంటే త్యాగరాజ శిష్యపరంపరలో, పాట నేర్చాడు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు పూనికతో అక్కడ ‘భక్తిరంజని’ అనే పొద్దుటి కార్యక్రమం వచ్చింది. రామదాసు, అన్నమయ్య కీర్తనలు, నారాయణతీర్థుల తరంగాలు, ఎడ్ల రామదాసు తత్వాలు అన్నీ దాని ద్వారానే తెలుగు ఇళ్ళలోకి నడిచాయి. బాలమురళి, శ్రీరంగం గోపాలరత్నం, వోలేటి వేంకటేశ్వర్లు లాంటి గొంతులు ఆ కేంద్రానివే.

నా అంచనాలో మూలాన్ని మించిన పాట పుట్టడానికి కారణం గొంతు ఒక్కటే కాదు, రేడియో కూడా. కచేరీలో ముందు వరుసలో విద్వాంసులు కూర్చుంటారు, వాళ్ళ మెప్పు కోసం సంగతులు పెరుగుతాయి. రేడియో ముందు కూర్చునేవాళ్ళు ఉండరు. వినేవాళ్ళు కళ్ళాపి చల్లుతూనో, బడికి పిల్లల్ని తయారు చేస్తూనో ఉంటారు. పాటకు నాలుగైదు నిమిషాలే. మాట తేటగా వినబడాలి, వరుస ఒక్కసారి వింటే పట్టుబడాలి. బాలమురళి రామదాసును పాడిన తీరులో ఇదంతా కనిపిస్తుంది. మూడు స్థాయిల్లో అలవోకగా తిరగగల గాయకుడు ఈ పాటల్లో ఆ శక్తిని చాలావరకు దాచుకున్నాడు. చరణం చరణానికి గమకం కొద్దిగా మారుతుంది, మాటను మింగదు. అచ్చులు విప్పారి పలుకుతాయి. కల్పనస్వరాల జోలికి పోడు.

‘పలుకే బంగారమాయెనా’ ఇందుకు మంచి సాక్ష్యం. ఈ పాట రాగమైన ఆనందభైరవి భాషాంగ రాగం, అంటే అన్యస్వరాలను చుట్టాల్లా రానిచ్చే రాగం. జానపదానికీ జోలపాటకూ దగ్గరిది. కూచిపూడి వాళ్ళకు అలవాటైనది, శ్యామశాస్త్రికి ప్రీతిపాత్రమైనది. ఈ రాగం మీద మన విషయానికి సరిపడే కథ ఒకటి సంగీత లోకంలో తిరుగుతుంది. త్రిభువనం స్వామినాథయ్యర్ అనే నటగాయకుడు ఆనందభైరవిలో ‘మధురా నగరిలో’ పాడి ఆడగా త్యాగరాజు పరవశించి ఏం కావాలో కోరుకోమన్నాడట. ఇకమీదట మీరు ఈ రాగం పాడకండి, నాకు వదిలేయండి అని అతడు అడిగాడట. త్యాగరాజు ఒప్పుకున్నాడంటారు. ఆయన కృతులు ఈ రాగంలో నామమాత్రంగానే ఉండడానికి కారణంగా ఈ కథ చెబుతారు. నిజమెంతో గాని, ఒకరి పాట మరొకరిదైపోయే సంగతిని మనవాళ్ళు ఎంత మర్యాదగా ఊహించారో చూడవచ్చు.

బాలమురళి ‘పలుకే బంగారమాయెనా’ పల్లవిని అడిగీ అడగనట్టు అందుకుంటాడు. పిలిచినా పలకని దేవుడి మీద అలక అది. పోల్చడానికి చిత్తూరు నాగయ్య 1964లో సొంతంగా నిర్మించి, దర్శకత్వం వహించి, తానే రామదాసుగా నటించిన ‘రామదాసు’ సినిమా ఉంది. నాగయ్య పాటలో భక్తుడు కన్నీరు పెట్టుకుంటాడు, వినేవాడికీ గొంతు పూడుకుపోతుంది. బాలమురళి ఏడవడు. దుఃఖాన్ని రాగానికి అప్పగించి తాను పక్కకు తప్పుకుంటాడు. నాగయ్య పాటను మనం విని కదిలిపోతాం. బాలమురళి పాటను మనమే పాడుకుంటాం. నిలిచింది రెండోది కావడానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తుంది.

పోయింది కూడా ఉంది. నగల పద్దు చెప్పే పాటలో గోపన్న కోపం బాలమురళి నోట మెత్తబడింది. యదుకుల కాంభోజి హాయిలో ఆ దబాయింపు ముద్దుగా వినబడుతుంది. కొరడా దెబ్బలు తిన్నవాడి పాట అని ముందే తెలిసినవాళ్ళకు తప్ప, మిగతావాళ్ళకు అది ఇంటి దేవుడితో సరసమాడినట్టే ఉంటుంది. పాత భజనలో ఇదే పాటను పదిమంది తాళాలు కొట్టి అరుస్తూ పాడితే ఆ చరణాల దగ్గర ఒక విసురు వస్తుంది. తెల్లవారుజామున వినే భక్తిరంజనికి ఆ విసురు పనికిరాదు. పాట ఊళ్ళన్నిటికీ చేరింది, కోపం చెరసాలలోనే ఉండిపోయింది.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’ ఈ కీర్తనలను మరో మెట్టు ఎక్కించింది. కె. విశ్వనాథ్ సినిమాలో కె.వి. మహదేవన్ సంగీతంలో ‘పలుకే బంగారమాయెనా’, ‘ఏ తీరుగ నను’ వాణీ జయరాం పాడింది. తమిళనాడులో, కేరళలో, కర్ణాటకలో తెలుగు రాని ప్రేక్షకులు కూడా వాటిని కంఠస్థం చేశారు. 2006లో రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ తీసినప్పుడు కీరవాణి కొన్ని కీర్తనలను కొత్త హంగులతో వినిపించాడు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘అంతా రామమయం’ ఆ తరం పిల్లలకు అసలు పాటే అయిపోయింది. పందిట్లో మైకు మాత్రం ఇప్పటికీ బాలమురళినీ సినిమానూ కలిపి మోగిస్తుంది.

భద్రాచలంలో రామదాసు జయంతికి జరిగే వాగ్గేయకార ఉత్సవంలో విద్వాంసులంతా కూర్చొని తొమ్మిది కీర్తనలను నవరత్నాలుగా గోష్ఠిగా పాడతారు. తిరువయ్యూరు పంచరత్న గోష్ఠి దీనికి ఒరవడి. విద్వాంసుడు నెడునూరి కృష్ణమూర్తి చొరవ దీని వెనక ఉంది. భజన పాట కచేరీ పాటై, కచేరీ పాట మళ్ళీ బృందగానంగా గుడి ముందుకు రావడం చిన్న ప్రయాణం కాదు.

రాగం ఉంది, స్వరం లేదు

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంగతి దీనికి అన్నదమ్ముల వరస, కాకపోతే ఇంకా విచిత్రం. ఆయన పాటలు తిరుమల గుడిలో రాగిరేకుల మీద దాగి ఉండి 1920ల్లో వెలుగు చూశాయి. పరిష్కరించినవాళ్ళలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ముఖ్యులు. రేకు మీద పాట తలపున రాగం పేరు ఉంది. అది ఎలా పాడాలో ఎక్కడా లేదు. నోటి పరంపర చాలావరకు తెగిపోయింది. కాబట్టి మనం వినే అన్నమయ్య పాటల వరుసలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే: రాళ్ళపల్లి, బాలమురళి, నెడునూరి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ తదితరులు కట్టినవి.

రేకులో ముఖారి అని ఉన్న ‘నానాటి బతుకు’ను నెడునూరి రేవతిలో కట్టాడు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి దాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడి రికార్డు చేసింది. వైరాగ్యం పలికే పాటకు ఐదే స్వరాలున్న రేవతి ఇచ్చిన ఎడారితనం ముఖారి ఇవ్వగలదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. రేకులో ఉన్న రాగాన్ని మార్చే హక్కు ఎవరిచ్చారని అడిగేవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈవేళ ఆ పాటను ముఖారిలో పాడితే వినేవాళ్ళు పాట తప్పిందనుకుంటారు. మించడం అంటే అంతదాకా పోతుంది.

ఒకే బాణీ, రెండు గొంతులు

సినిమా పాటలో మూలం చేతికి దొరుకుతుంది. ఏ ఏట ఎవరు పాడారో డబ్బా మీద ఉంటుంది. అందుకని పోల్చి చూడడం తేలిక, జగడమూ ఎక్కువే.

1957 నాటి ‘సువర్ణసుందరి’లో ఆదినారాయణరావు సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ రాగాలను మాలగా కట్టి ‘హాయి హాయిగా ఆమని సాగే’ అందించాడు. ఘంటసాల, జిక్కి పాడారు. అదే సినిమా హిందీలో తీసినప్పుడు అదే బాణీ ‘కుహూ కుహూ బోలే కోయలియా’ అయింది. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. దేశమంతా విన్నది హిందీ పాటనే. ఇది ఒక తెలుగు సంగీత దర్శకుడి సొంత కట్టుబడి అని ఉత్తరాదిలో చాలామందికి తెలియదు. తానాల వేగంలో లత, రఫీల జంటకు తిరుగులేదు, ఒప్పుకోవాలి. జిక్కి గొంతులోని చిలిపిదనం మాత్రం వాళ్ళ పాటలో దొరకదు. ఇదే ఆదినారాయణరావు రెండేళ్ళ ముందు 1955లో ‘అనార్కలి’కి ఎదురు దారిన నడిచాడు. సి. రామచంద్ర 1953లో లతతో పాడించిన ‘యే జిందగీ ఉసీ కీ హై’ని తెలుగులోకి తెచ్చి ‘జీవితమే సఫలము’గా జిక్కితో పాడించాడు. తెలుగు పల్లెల్లో ఆ హిందీ పాట పేరైనా వినకుండా జిక్కి పాటను జీవితమంతా పాడుకున్నవాళ్ళు ఎందరో. ఎవరు ఎవరిని మించారో చెప్పాలంటే ముందు ఏ ఊళ్ళో నిలబడి అడుగుతున్నామో చెప్పాలి.

బండి యాదగిరి పాట

పాటగాడి పేరు పాట కట్టినవాడి పేరును కప్పేసిన సందర్భం తెలంగాణలో ఉంది. 1946–51 సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ కట్టాడు. దొరనూ నైజాము సర్కారునూ ముఖం మీద నిలదీసే పాట. యాదగిరి ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. ఖమ్మం, నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో దళాలతోపాటు పాట కూడా తిరిగింది. తరువాత పోరాటం ఆగింది, పాట చప్పబడింది.

1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’లో గద్దర్ ఆ పాట పాడాడు. తెర మీద కనిపించేదీ ఆయనే. అప్పటి నుంచి అది గద్దర్ పాట. ఆయన గొంతులోని గరుకు, అడుగు వేసే లయ, చివరి మాటను విసిరేసే తీరు ఆ పాటకు అచ్చంగా అతికాయి. వేదిక మీద కొత్త కాలపు దొరల పేర్లు చేర్చి పాడడానికి కూడా ఆ పాట వీలిచ్చింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సభల్లో మళ్ళీ మోగింది. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు టీవీలన్నీ ఈ పాటతోనే ఆయన్ను తలచుకున్నాయి. కట్టినవాడి పేరు పలికినవాళ్ళు తక్కువ. గద్దర్ పాడకపోతే ఆ పాట పాత కార్యకర్తల జ్ఞాపకాల్లో, ఉద్యమ సాహిత్య సంకలనాల్లో ఉండిపోయేదేమో. అయినా యాదగిరికి జరిగింది అన్యాయమే. రామదాసు పాట ఎవరు పాడినా చివర రామదాసు ముద్ర ఉంటుంది. యాదగిరి తన పాటలో తన పేరు పెట్టుకోలేదు.

అడవి లెక్క వేరు

తల్లాడ నుంచి ఏన్కూరు దాటి అడవిలోకి పోయేకొద్దీ మూలం, మలిపాట అన్న విభజనే చెల్లకుండా పోతుంది. కోయల డోలి కళాకారులు సమ్మక్క సారలమ్మల కథను, ఇలవేల్పుల పుట్టుపూర్వోత్తరాలను డోలు కొట్టి పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో పేరెన్నికగన్నవాడు. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు, 2024లో కన్నుమూశాడు. ఆయన పాడిన కథకు ‘అసలు ప్రతి’ ఏదని అడిగితే ఆ ప్రశ్నకే అర్థం లేదు. ఏ జాతరలో ఏ వంశం వాళ్ళ ముందు పాడుతున్నాడో దాన్ని బట్టి పాట పెరుగుతుంది, తగ్గుతుంది. ఆల్బర్ట్ లార్డ్ 1960లో యుగోస్లావియా వీరగాథల గాయకుల మీద రాసిన పుస్తకంలో తేల్చింది ఇదే: నోటి సంప్రదాయంలో పాడిన ప్రతిసారీ అది మూలమే. గోపన్న కాలపు భజన కూడా కొంతవరకు ఇలాంటిదే అయి ఉంటుంది. రికార్డు వచ్చి ఒక్క రోజు పాడిన తీరును శాశ్వతం చేశాకే, ఇది మొదటిది, అది రెండోది అన్న తగాదా పుట్టింది.

బయటి లోకం

అమెరికాలో ఈ తగాదా ఎక్కువ, ఎందుకంటే అక్కడ రికార్డే పాట. ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడిన ‘రెస్పెక్ట్’ ఇంటికొచ్చిన మగవాడు మర్యాద కోరుకునే పాట. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడేసరికి అది ఆడవాళ్ళ, నల్లవాళ్ళ హక్కుల పాట అయిపోయింది. మాట పెద్దగా మారలేదు, అడిగే మనిషి మారింది. బాబ్ డిలన్ 1967 పాట ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’ను మరుసటి ఏడు జిమి హెండ్రిక్స్ విద్యుత్ గిటారుతో పాడాక, డిలన్ కూడా వేదిక మీద హెండ్రిక్స్ ధోరణికే వచ్చాడు. మూలకర్త ఓటమి ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. డాలీ పార్టన్ 1970ల నాటి ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను విట్నీ హ్యూస్టన్ 1992లో లోకమంతా చాటింది. నాకు మాత్రం పార్టన్ పాడిన మెత్తని పాటే మేలు. నైన్ ఇంచ్ నెయిల్స్ 1994 పాట ‘హర్ట్’ను ముసలి జానీ కాష్ 2002లో పాడాక, ఆ పాట ఇక తనది కాదనిపించిందని దాన్ని రాసిన ట్రెంట్ రెజ్నర్ చెప్పుకున్నాడు.

చట్టం ఏమంటుంది

1957 నాటి భారత కాపీరైట్ చట్టం మొదటి రికార్డు వచ్చాక, హక్కుదారుకు నోటీసు, రాయల్టీ ఇచ్చి పాటను మళ్ళీ రికార్డు చేసుకోనిచ్చేది. 1980లు, 90ల క్యాసెట్ కాలంలో టీ-సిరీస్ ఈ వెసులుబాటును బాగా వాడుకొని పాత హిందీ పాటలను కొత్త గొంతులతో చవకగా అమ్మింది. ఆ క్యాసెట్ల రాశిలో మూలాన్ని మించినది ఒక్కటి కూడా నాకు వినబడలేదు. అచ్చు గుద్దినట్టు పాడితే మించడానికి చోటెక్కడిది?

2012 సవరణతో వచ్చిన 31సి సెక్షను, మొదటి రికార్డు తరువాత ఆగాల్సిన గడువును అప్పటికున్న రెండేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచింది. ఏటా పాటకు కనీసం 50,000 ప్రతుల రాయల్టీ కట్టాలి. మొదట పాడినవాళ్ళ పేరు, బొమ్మ అట్ట మీద వేయకూడదు, ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు: సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప సాహిత్యంలో గాని సంగీతంలో గాని మార్పు చేయకూడదు. నెడునూరి రేవతి, హెండ్రిక్స్ గిటారు రెండూ ఈ షరతు ముందు నిలవవు. ఆ దారిన పోవాలంటే హక్కుదారు సమ్మతి ఉండాలి, లేదా పాట హక్కుల గడువు దాటినదై ఉండాలి.

రామదాసు సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు. బాలమురళి రికార్డుల మీద అచ్చువేసిన సంస్థల హక్కు ఆ రికార్డు వచ్చిన 60 ఏళ్ళ వరకు. వరుస సంగతే చిక్కు. అది బాలమురళి సొంతంగా కట్టినదైతే, ఆయన 2016 నవంబరు 22న కన్నుమూశాడు కాబట్టి 2076 చివరి దాకా దానికి రక్షణ ఉంటుంది. పాత భజన వరుసను సవరించి పాడినదైతే, సవరింపు మేరకే. ఏ కీర్తనలో ఎంత భజనదో ఎంత ఆయనదో తేల్చడానికి ఖమ్మం, భద్రాద్రి పల్లెల పాత బృందాల పాటను విడిగా రికార్డు చేసి పక్కన పెట్టి చూడడం తప్ప వేరే మార్గం లేదు.